తిన్నడు పెట్టిన విందు

ఇంటర్ తెలుగు పుస్తకంలో ధూర్జటి పద్యాలు కొన్ని ‘తిన్నని ముగ్ధభక్తి’ అనే పేరుతో పాఠంగా వచ్చాయి. మన పిల్లలు చాలామంది వాటిని బట్టీపట్టి, ప్రతిపదార్థాలు రాసి, మార్కులు తెచ్చుకుని, మర్చిపోయారు. ఆ పాఠం దేని గురించి అని అడిగితే భక్తి గురించి అంటారు. పాఠం పేరే అలా ఉంది కాబట్టి వాళ్ళనేమీ అనలేం. మేము మాత్రం దాన్ని ఒక విందు కథగా చదవాలంటున్నాం. ఇప్పుడే చదవాలని కూడా అంటున్నాం. ఎందుకంటే అలాంటి విందే ఇవాళ తిరుపతి మిద్దెల మీద ‘పేలియో బార్బెక్యూ’ అనే పేరుతో జరుగుతోంది, తిన్నడిని పిలవకుండానే.

ముందు కావ్యం సంగతి చూద్దాం. ధూర్జటి 16వ శతాబ్దపు కవి, కాళహస్తి ప్రాంతం వాడు. ఆయన ‘శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం’లో తిన్నడు పొత్తపి నాట ఉడుమూరు అనే ఎరుకుల పల్లెలో పుట్టాడు. ఊరి పేరులోనే ఉడుము ఉంది. వేటకు వచ్చి, అడవిలో ఒంటరిగా ఉన్న లింగాన్ని చూశాడు. చూసిన వెంటనే అతను దండకం చదవలేదు, వరం అడగలేదు. ఈ మృగాల మధ్య ఒక్కడివే ఎందుకున్నావు, ఆకలేస్తే కూడూ నీళ్ళూ ఎవరు తెచ్చిపెడతారు, నీకు చుట్టాలెవరూ లేరా అని అడిగాడు. మా ఊరికి వచ్చెయ్ అన్నాడు. ఊళ్ళో ఏమేం దొరుకుతాయో చెప్పాడు. అడవి పళ్ళ పేర్లు ఒక పెద్ద వరుస, రకరకాల తేనెలు, నివ్వరి బియ్యం, వేట మాంసం. నేరేడు దగ్గర మొదలైన ఆ పళ్ళ పద్యం మన పిల్లలకు నోరు తిరగదు. కానీ ఆ పేర్లలో సగం మన అవ్వలు గుర్తుపడతారు.

ఇది దేవుడితో మాట్లాడే పద్ధతి కాదు, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించే పద్ధతి. ఎదుటివాడు ఎవరు, ఏ కులం, ఏం నియమం పాటిస్తాడు అన్నవి తిన్నడికి తట్టలేదు. ఆకలిగా ఉన్నాడా లేదా అన్నదే తట్టింది. చుట్టం రానంటే తానే అక్కడ నిలిచిపోయాడు. అడవి పందిని కొట్టి, కాల్చి, మంచి ముక్కలు ఏరి, ఆకు దొప్పల్లో పెట్టుకుని, పుక్కిట నీళ్ళు పట్టుకుని వచ్చాడు. తినకపోతే అల్లాడిపోయాడు.

ఇదే కథను 12వ శతాబ్దంలో తమిళంలో సేక్కిళార్ ‘పెరియపురాణం’లో చెప్పాడు, 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు ‘బసవపురాణం’లో చెప్పాడు. సేక్కిళార్ వంట దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడతాడు. అందులో తిన్నడు మాంసాన్ని అమ్ములకు గుచ్చి నిప్పు మీద కాలుస్తాడు. ఒక్కో ముక్కా నోట్లో వేసుకుని చూస్తాడు. మెత్తగా, రుచిగా ఉన్నదాన్ని దొప్పలో పెడతాడు, గట్టిగా ఉన్నదాన్ని ఊసేస్తాడు. తర్వాతి రోజుల్లో తేనె కూడా కలుపుతాడు. తాను మాత్రం తినడు. ఇంత శ్రద్ధగా వంట చేసిన మగవాణ్ణి మన పాత సాహిత్యంలో, నలుణ్ణీ భీముణ్ణీ పక్కన పెడితే, మేము ఎక్కువమందిని చూడలేదు.

మరి ఇందులో ముగ్ధత ఎక్కడుంది? ముగ్ధుడంటే ఏమీ తెలియని అమాయకుడు. తిన్నడికి తెలియనిది ఆగమ శాస్త్రం ఒక్కటే. పంది జాడ తెలుసు, ఏ భాగం మెత్తనో తెలుసు, మంట మీద కాలిస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుందనీ, నిప్పుల మీద కాలిస్తే సమంగా కాలుతుందనీ తెలుసు, తేనె ఎప్పుడు కలపాలో తెలుసు. ఇంత తెలిసినవాణ్ణి అమాయకుడు అని మెచ్చుకోవడం మెప్పులా కనబడే తీసివేత. పాపం, తెలియక పెట్టాడు, దేవుడు క్షమించి తిన్నాడు అనే అర్థం ఆ ఒక్క మాటతో వచ్చేస్తుంది. ధూర్జటి పద్యాల్లో ఆ జాలి తక్కువ, పాఠం చెప్పే గొంతుల్లోనే ఎక్కువ అని మాకనిపిస్తుంది. పళ్ళ పేర్లూ తేనెల రకాలూ అంత ఇష్టంగా పేర్చిన కవి, ఆ తిండిని చిన్నచూపు చూశాడంటే నమ్మలేం.

ఎంగిలి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గుడి వంటశాలలో నైవేద్యాన్ని రుచి చూడకూడదు. రుచి చూస్తే ఎంగిలి. మన ఇళ్ళలో చుట్టానికి పెట్టే కూరను రుచి చూడకుండా పెడితే అది మర్యాద కాదు. ఉప్పు ఎక్కువైందో, ముక్క ఉడికిందో చూడకుండా ఎలా పెడతాం? కథలోని పూజారి కంటికి కనబడింది ఎంగిలి, తిన్నడు చేసింది మాత్రం రుచి చూడడం. శబరి పండు కొరికి చూసిందన్న జనం కథలోనూ ఇదే ఉంది. అడవి మనుషులు ఇద్దరూ అతిథి నోటికి చేదు తగలకూడదనే కొరికారు. ‘శివానందలహరి’లో కూడా ఈ కొరికిన మాంసపు ముద్ద ప్రస్తావన వస్తుంది, కొత్త నైవేద్యమైందన్న ఆశ్చర్యంతో. ఆ ఆశ్చర్యమే మాకు ఆశ్చర్యం.

ఇక మిద్దె మీది విందు. నిరుడు తిరుపతి శివార్లలో ఒక ఇంటికి మాలో ఇద్దరు భోజనానికి వెళ్ళారు. పిలిచినాయన ఏడాదిగా పేలియో నియమంలో ఉన్నాడు, షుగరు అదుపులోకి వచ్చిందని సంతోషంగా ఉన్నాడు. మంచి మనిషి. బొగ్గులు ఎర్రబడి పైన బూడిద పొర కట్టేదాకా ఓపిగ్గా ఆగి అప్పుడే ఊచలు పెట్టాడు. కాల్చడం తెలిసినవాడే. కబాబుకు పెరుగు పట్టించకూడదు కాబట్టి నిమ్మరసం, అల్లం, వెల్లుల్లి, మిరియాలు, పసుపు పట్టించాడు. సోయా సాస్ కూడా పనికిరాదట, అది పప్పుజాతి. పైన కొబ్బరినూనె రాశాడు. కోడి బాగుంది, చేప ఇంకా బాగుంది, చిలగడదుంప నిప్పుల్లో పెట్టింది అన్నిటికన్నా బాగుంది. అన్నం మాత్రం లేదు. రొట్టె లేదు, పప్పు లేదు, పెరుగు లేదు. కాసేపటికి ఆయన తల్లి కిందికి వెళ్ళి ఒక గిన్నెలో పెరుగన్నం కలుపుకొచ్చి, పిల్లలకూ కారు తోలుకొచ్చిన అబ్బాయికీ చాటుగా పెట్టింది. ఆ విందుకు అసలు ఆతిథేయి ఆమే అని మావాళ్ళు తిరిగొచ్చి చెప్పారు. భోజనాలయ్యాక ఆయన మావాళ్ళతో అన్న మాట ఇది: “మీవాళ్ళే కదండీ అసలైన పేలియో.”

ఆ మాటలో ఎగతాళి లేదు, గౌరవమే ఉంది. అయినా దాన్ని విప్పి చూడాలి.

పేలియో అంటే పాత రాతియుగం. మనుషులు సేద్యం నేర్చుకోకముందు ఏం తిన్నారో మనమూ అదే తినాలన్నది ఈ తిండి పద్ధతి వెనకున్న ఆలోచన. 1975లో వాల్టర్ వోగ్ట్‌లిన్ అనే అమెరికా డాక్టర్ రాతియుగపు తిండి మీద పుస్తకం వేశాడు. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కోనర్ అనే ఇద్దరు ఒక పేరున్న వైద్య పత్రికలో వ్యాసం రాసి దానికి శాస్త్రపు గౌరవం తెచ్చారు. 2002లో లోరెన్ కార్డెయిన్ పుస్తకంతో అది జనంలోకి వెళ్ళింది. ధాన్యం, పప్పులు, పాలు, చక్కెర వద్దు. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, పళ్ళు, గింజలు మాత్రమే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంతకంటే ఎక్కువగా వ్యాపించింది వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతి. అది వేరు, కొవ్వు మీద నడిచేది. కానీ అన్నం మానేసినవాళ్ళ విందులో రెండూ కలిసిపోతాయి.

ఈటన్, కోనర్లు రాతియుగపు కంచాన్ని ఎలా ఊహించారు? తవ్వకాల్లో దొరికిన ఎముకలు, పనిముట్లతో పాటు, ఆధునిక కాలంలో వేట మీదా సేకరణ మీదా బతుకుతున్న ఆదివాసుల తిండి లెక్కలు చూసి. అందులో ముఖ్యులు కలహారి ఎడారిలోని కుంగ్ ప్రజలు. 1960లలో రిచర్డ్ లీ వాళ్ళ మధ్య ఉండి లెక్క వేస్తే, వాళ్ళ తిండిలో మూడింట రెండు వంతుల దాకా మొక్కల నుంచే వస్తోందని, ముఖ్యంగా మొంగొంగో అనే గింజ నుంచి వస్తోందని తేలింది. అంటే పేలియో కంచం మొదట ఆదివాసుల కంచాన్ని చూసి గీసినదే. గీసేటప్పుడు ఆడవాళ్ళు ఏరిన గింజా దుంపా పక్కకు జరిగి, మగవాళ్ళు వేటాడిన మాంసం మధ్యకు వచ్చింది. మిద్దె మీద ఊచలే కనబడటం అందుకే.

రాతియుగం ఎక్కడో లేదు, రైలు దిగే చోటే ఉంది. రేణిగుంట చుట్టుపక్కల పాత రాతియుగం చివరి దశ నాటి సన్నని రాతి పలకల పనిముట్లను ఎం.ఎల్.కె. మూర్తి 1960లలో వెలికితీసి ప్రపంచానికి చూపించారు. కర్నూలు గుహల్లో ముచ్చట్ల చింతమాను గవిలో కాలిన పొయ్యి జాడ కూడా దొరికింది, సుమారు 17 వేల ఏళ్ళ నాటిది. రాయలసీమలో మనకు తెలిసిన పాత బార్బెక్యూ అదే అనుకోవచ్చు. ఆ మూర్తిగారే ఈ పనిముట్ల మనుషులు ఎలా బతికుంటారో తెలుసుకోవడానికి మన తీరంలోని యానాదుల దగ్గరకూ, కర్నూలు కొండల్లోని వేటగాళ్ళ దగ్గరకూ వెళ్ళి వాళ్ళ వేటనూ తిండినీ పరిశీలించారు. యానాదులను రాతియుగం మనుషులని అనడానికి కాదు, ఈ నేల మీద ఏది ఎప్పుడు దొరుకుతుందో వాళ్ళకు తెలుసు కాబట్టి.

సత్యవేడు, శ్రీకాళహస్తి, సూళ్ళూరుపేట వైపు కయ్యల్లో యానాదులు ఎలుకలు పట్టడం చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. కుండ అడుగున చిల్లి పెట్టి, లోపల గడ్డి కాల్చి, కలుగులోకి పొగ ఊదుతారు. ఎలుక దొరుకుతుంది. ఆ తర్వాత కలుగు తవ్వుతారు, అందులో ఎలుక దాచుకున్న వడ్లు దొరుకుతాయి. ఆ రాత్రి ఎలుకను నిప్పుల మీద కాల్చుకుని, ఆ వడ్లు దంచి కూడు వండుకుంటారు. మాంసమూ ధాన్యమూ ఒకే కలుగులోంచి వచ్చాయి. ఏది పేలియో, ఏది కాదు? తిన్నడు శివుడికి ఆశపెట్టిన నివ్వరి బియ్యం కూడా ఇలాంటిదే, ఎవరూ విత్తకుండా మొలిచే గింజ. ఆఫ్రికాలో మొజాంబిక్ గుహలో దొరికిన రాతి పనిముట్ల మీద జొన్నజాతి పిండి ఆనవాళ్ళున్నాయని 2009లో జూలియో మెర్కాడర్ ప్రకటించాడు, లక్ష ఏళ్ళకు పైబడినవి. వేటగాడు గింజను ముట్టలేదన్న మాట అడవి ఎరిగినవాళ్ళెవరూ అనరు.

షుగరు ఉన్నవాళ్ళు అన్నం తగ్గించుకుంటే మంచిదే. దానికి మాకేం అభ్యంతరం లేదు, డాక్టరు ఏం చెబితే అది. సంగటి తినే మన ఊళ్ళలోకి కోటా బియ్యం వచ్చాక ఏం జరిగిందో మనకూ తెలుసు. అభ్యంతరం పేరు దగ్గర. అదే ఎలుక కాల్చుకు తిన్నాడని హాస్టల్లో తోటి పిల్లలు నవ్వితే చదువు మానేసి వెళ్ళిపోయిన పిల్లల్ని మాలో ఉపాధ్యాయులుగా ఉన్నవాళ్ళు చూశారు. ఒకడి కంచంలో సిగ్గుగా ఉన్నదే ఇంకొకడి కంచంలో ఆరోగ్యంగా ఎలా మారుతుంది? బొగ్గులవీ ఊచలవీ పేర్లు మారినంత మాత్రాన మారదు. తినేవాడు మారితే మారుతుంది.

వండేవాడి చేతిలో ఏం మిగిలింది అన్నది ఇంకో సంగతి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అడవి పందిని కొట్టడం నేరం. ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది, పులితో సమానంగా. శేషాచలం అడవుల్లో 1989లో జాతీయ పార్కు వచ్చింది, 2010లో జీవావరణ రిజర్వు వచ్చింది. ఆ చట్టం అవసరమే, వేట జంతువులు తరిగిపోతున్న కాలం ఇది. కానీ ఇవాళ తిన్నడు కాళహస్తి కొండ పక్కన పందిని కాలిస్తే, కన్ను పెకలించుకునే దాకా కథ సాగదు. ఫారెస్టు గార్డు వచ్చేస్తాడు. చట్టం చివరికి మనకు వదిలింది ఎలుకను. అందుకే ఎలుకను చూసి నవ్వేవాళ్ళకు ఈ లెక్క కూడా చెప్పాలి. శ్రీహరికోట దీవిలో దుంపలూ తేనే చేపలూ మీద బతికిన యానాదులను రాకెట్ కేంద్రం కోసం అక్కడి నుంచి కాలనీలకు మార్చారు. 1971లో అక్కడ తొలి రాకెట్ లేచింది. ఆ దీవి ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. అక్కడి అవ్వల దగ్గర ఎన్ని దుంపల పేర్లు ఉండేవో ఏ పాఠంలోనూ లేదు.

సినిమాల సంగతి క్లుప్తంగా. 1954లో కన్నడ రాజ్‌కుమార్ నటించిన ‘కాళహస్తి మాహాత్మ్యం’, 1976లో బాపు తీసిన కృష్ణంరాజు ‘భక్త కన్నప్ప’, 2025లో మంచు విష్ణు ‘కన్నప్ప’. మూడింటిలోనూ జనానికి గుర్తుండేది కన్ను, బాణం, నెత్తురు. పొయ్యి ఎవరికీ గుర్తుండదు. చివరి సినిమాలో కన్నప్ప అడవి చాలావరకు న్యూజిలాండ్‌ది. పచ్చగా బాగుంది, కానీ అక్కడ నేరేడు చెట్టు లేదు. కన్ను ఇచ్చినవాణ్ణి వీరుడిగా చూపడం సులువు. ఐదు రోజులు తాను తినకుండా పొయ్యి దగ్గర కూర్చున్నవాణ్ణి చూపడం కష్టం. మా దృష్టిలో త్యాగం అక్కడే మొదలైంది. కన్ను దాని చివరి ముక్క.

తిన్నడు ఎవరివాడు అన్న తగాదాలోకి మేము పోవడం లేదు. బోయలు తమవాడంటారు, కన్నడిగులకు అతను బేడర కన్నప్ప, ధూర్జటి ఎరుకులంటాడు, ఆ కావ్యంలో ఆడవాళ్ళు చెంచెతలు. కాళహస్తిలో శివరాత్రి బ్రహ్మోత్సవాలు ఇప్పటికీ కన్నప్ప కొండ మీద ధ్వజారోహణంతోనే మొదలవుతాయి, స్వామి జెండా ఆ తర్వాతే. గౌరవం ఉంది. వంటకానికి మాత్రం చోటు లేదు.

మిద్దె మీది విందుకూ తిన్నడి విందుకూ ఉన్న తేడా ఏమిటని మాలో మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. నిప్పు ఒకటే, మాంసం ఒకటే, ఓపిక కూడా ఒకటే. మిద్దె మీద నియమం పిలిచినవాడిది. ఆ నియమంలోకి వచ్చినవాళ్ళు ఇమిడిపోవాలి. తిన్నడి దగ్గర నియమం వచ్చినవాడి ఆకలిది. పందిని కొడితే మన పల్లెల్లో పోగులు పెడతారు. కొట్టినవాడికీ పోగు, కుక్క తెచ్చినవాడికీ పోగు, మగదిక్కు లేని ఇంటికీ పోగు. సుగాలీ తండాలో మేకను కోస్తే నెత్తురుతో చేసిన సళోయి ముందు చుట్టాలకే. పక్కన రొట్టె ఉంటుంది, రొట్టె తినేవాడు తింటాడు. ఎవరూ ఎవరి కంచంలోకీ తొంగిచూసి ఇది రాతియుగంలో ఉందా అని అడగరు. పేలియో వాళ్ళు మన దగ్గర నేర్చుకోవాలనుకుంటే మాంసం లెక్క కంటే ముందు పోగుల లెక్క నేర్చుకుంటే బాగుంటుంది. ఆ ఇంటి పెద్దావిడకు అది ఎవరూ నేర్పకుండానే తెలుసు.

మన యువకులు ఇలాంటి విందు పెట్టాల్సి వస్తే, అన్నం మానేసిన స్నేహితుడొకడు ఆ గుంపులో ఉంటే, చేయాల్సింది చిన్నది. అతని కోసం చిలగడదుంపా చేపా కోడీ నిప్పుల మీద పెట్టండి, పెరుగు పట్టించని ముక్కలు వేరే ఊచకు గుచ్చండి, పక్కన కుండలో సంగటి కూడా ఉంచండి. పెట్టేముందు ఒక ముక్క కొరికి చూడండి.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ పాఠం చెప్పేటప్పుడు పళ్ళ పద్యాన్ని అర్థాలు చెప్పి దాటేయకండి. బోర్డు మీద ఒక్కో పేరూ రాసి, ఇంటికెళ్ళి అవ్వనూ తాతనూ అడిగి రమ్మనండి. ఏ పండు ఏ నెలలో వస్తుంది, ఏది పచ్చిగా తింటారు, ఏది కాల్చి తింటారు, ఏది ఇప్పుడు దొరకదు. నివ్వరి గింజను కళ్ళారా చూసినవాళ్ళు మీ కాలనీలోనో తండాలోనో ఉంటే, వాళ్ళు ఆ గింజను ఏమని పిలుస్తారో రాసి ఉంచండి.